మిఠాయి లేని కానుక



దసరా రోజులలో బడిపిల్లలు రంగుకాగితాలు అంటించిన విల్లంబులూ, గిలకలూ చేతబట్టి, పంతులుగారి వెంట ఇంటింటికీ వచ్చి పద్యాలు పాడే ఆచారం ఒకప్పుడు మన ఊళ్ళలో ఉండేది. విన్న గృహస్థులు పంతులుగారికి తోచిన దక్షిణ సమర్పించి, పిల్లల దోసిళ్ళలో పప్పుబెల్లాలు పోసి పంపేవారు. ఆ వేడుకను కన్నులారా చూచినవారు మా శ్రోతలలో ఇంకా కొందరు ఉండవచ్చు. ఈ పూట మేము ముచ్చటింపబోయే పండుగ మనది కాదు, అమెరికా దేశస్థులది. కాని పిల్లలు వేషాలు వేసికొని గుమ్మం ముందు నిలవడం, పెద్దలు ఏదో ఒకటి చేతిలో పెట్టి సంతోషపెట్టి పంపడం అన్న మాటకు వస్తే, అది మనకు బొత్తిగా తెలియనిదీ కాదు.

ఆ పండుగ పేరు హాలోవీన్. ప్రతి సంవత్సరం అక్టోబరు 31వ తేదీ సాయంకాలం జరుగుతుంది. నవంబరు 1వ తేదీ క్రైస్తవులకు సకల పునీతుల పండుగ. దానికి ముందటి రాత్రి కనుక ఆ పేరు వచ్చినది. ప్రాచీన కెల్టు జాతులవారు శరత్కాలం చివర జరుపుకొన్న వేడుకలలో దీని మూలాలు ఉన్నవని చెబుతారు. 19వ శతాబ్దిలో ఐర్లండు, స్కాట్లండు దేశాల నుంచి వలసవచ్చినవారు దానిని అమెరికాకు తెచ్చారు. స్వదేశంలో టర్నిప్ దుంపలను తొలిచి దీపాలు పెట్టుకొన్నవారికి అక్కడ అంతకంటె పెద్దవీ, తొలవడానికి సులువైనవీ అయిన గుమ్మడికాయలు దొరికినవి. నాటి నుంచి కన్నులూ నోరూ చెక్కి లోపల దీపం ఉంచిన గుమ్మడికాయ ఆ పండుగకు గుర్తు అయినది. దిష్టి తగులకుండా గుమ్మానికి బూడిదగుమ్మడికాయ కట్టే మనకు ఈ సంగతి వింత గొలుపదు.

చీకటి పడేవేళకు పిల్లలు దయ్యాలుగా, మంత్రగత్తెలుగా, జంతువులుగా, కథలలోని వీరులుగా వేషాలు వేసికొని, సంచులు పట్టుకొని తలుపులు తట్టుతారు. ప్రతి ఇంటివారూ ఇంత మిఠాయి సంచిలో వేస్తారు. ఇది ఇళ్ళకు మాత్రమే పరిమితం కాదు. పాఠశాలలలో, గ్రంథాలయాలలో, చర్చిల ఆవరణలలో ఊరివారందరూ కలిసి ఉత్సవాలు జరుపుతారు. కొన్నిచోట్ల కార్లను వరుసగా నిలిపి, వెనుక డిక్కీలను తెరచి, వాటిని చిన్న చిన్న రంగస్థలాల వలె అలంకరిస్తారు. పిల్లలు ఒక డిక్కీ నుంచి మరొక డిక్కీకి నడుస్తూ కానుకలు పుచ్చుకొంటారు. వీధులలో చీకటిలో తిరుగనవసరం లేదు కనుక తల్లిదండ్రులకు ఇది నిశ్చింత.

ఈ ప్రస్తావన మన ఆకాశవాణిలో ఎందుకని కొందరు అడుగవచ్చు. మా శ్రోతలలో అనేకుల కుమారులూ కుమార్తెలూ ఆ దేశంలో కాపురాలు చేస్తున్నారు. మనుమల ఆలనాపాలన కోసం ఆరు నెలలు అక్కడ ఉండివచ్చే అమ్మమ్మలూ తాతయ్యలూ వీధికొకరు కనిపిస్తారు. ఆ వేళకు కొడుకూ కోడలూ ఇంకా ఉద్యోగం నుంచి తిరిగిరాకపోతే తలుపు తీయవలసినవారు ఈ పెద్దవారే. అది మన దీపావళికి దగ్గర పండుగ కూడా. 2024వ సంవత్సరంలో దీపావళి, హాలోవీన్ రెండూ అక్టోబరు 31వ తేదీనే వచ్చినవి. అటువంటప్పుడు ఇంటిలో మనవారు చేసిన మిఠాయి సిద్ధంగా ఉంటుంది. గుమ్మంలో పరాయి పిల్లవాడు సిద్ధంగా ఉంటాడు. చేయి దానంతట అదే పళ్ళెం వైపు పోతుంది. మేము చెప్పదలచినది ఆ చేతిని గూర్చియే.

కొన్ని సంవత్సరాల క్రితం మేము మా తమ్ముని కుటుంబాన్ని చూడడానికి ఆ దేశం వెళ్ళి, అటువంటి డిక్కీల ఉత్సవంలో పాల్గొన్నాము. మావారు కారు డిక్కీలో మెట్లు కట్టి, ఎర్రగుడ్డ పరచి, బొమ్మలకొలువు తీర్చారు. ముందు బల్లమీద కొన్న చాక్లెట్లు ఒక పళ్ళెంలోనూ, మన ఊరి నుంచి మేము మోసుకొనిపోయిన వేరుశనగ అచ్చులు మరొక పళ్ళెంలోనూ పెట్టారు. అచ్చులు పెట్టించినది మేమే. మన వస్తువు నలుగురూ రుచి చూడాలని మా ముచ్చట.

ఆరేడేళ్ళ బాలుడొకడు పులివేషంలో వచ్చాడు. పసుపురంగు చొక్కా, నల్లని చారలు, వెనుక తోక. బల్ల ముందు నిలిచి పళ్ళెం వైపు చూచాడే కాని చేయి చాపలేదు. ఇందులో వేరుశనగ ఉన్నదా అని మర్యాదగా అడిగాడు. అంతా అదేనని మేము గర్వంగా చెప్పాము. వెనుకనే ఉన్న తల్లి అతని భుజం పట్టుకొని రెండడుగులు వెనుకకు తీసింది. వానికి వేరుశనగ పడదట. ఆ బాలుడు మాకు కృతజ్ఞత చెప్పి ప్రక్క కారు వద్దకు వెళ్ళాడు. అక్కడా అంతే, ఆ పై కారు వద్దా అంతే. అయిదు కార్లు దాటినా సంచి ఖాళీ. ఆరవ కారు వద్ద ఒక వృద్ధురాలు రెండు బుట్టలు పెట్టుకొని కూర్చున్నది. రెండవ బుట్టలో పెన్సిళ్ళు ఉన్నవి. ఆ పులి ఒక పెన్సిలు తీసికొని, వడ్రంగి మేస్త్రీ వలె చెవిమీద పెట్టుకొని, ఎంతో ఠీవిగా నడచిపోయినది.

మా మరదలు మారుమాట లేకుండా అచ్చుల పళ్ళెం లోపల పెట్టి, సబ్బునీటితో బల్ల తుడిచి, మమ్మల్ని చేతులు కడుగుకొని రమ్మన్నది. మాకు ఆ క్షణంలో కొంచెం చిన్నతనంగా తోచినమాట నిజమే. ఆ తరువాత విషయం తెలిసికొన్నాము.

మన ఇళ్ళలో "పడదు" అన్న మాట ఉన్నది. వంకాయ పడదంటారు, పెరుగు పడదంటారు. ఆ మాటను మనం అంతగా పట్టించుకోము. పిల్లవాడు గారాబం పోతున్నాడనుకొంటాము; కొంచెం తింటే ఏమీ కాదని బుజ్జగించి నోట పెడతాము. ఆ ప్రేమలో తప్పు లేదు. కాని వైద్యులు ఆహారపు ఎలర్జీ అని చెప్పేది ఇటువంటి ఇష్టానిష్టాల విషయం కాదు. శరీరరక్షణకు ఉన్న వ్యవస్థయే ఒక ఆహారాన్ని శత్రువుగా భావించి తిరుగబడడం అది. దద్దుర్లు లేవవచ్చు, పెదవులూ నాలుకా వాయవచ్చు, వాంతులు కావచ్చు. తీవ్రమైనప్పుడు ఊపిరి ఆడక, రక్తపుపోటు పడిపోయి, నిమిషాలలో ప్రాణానికే ముప్పు రావచ్చు. అటువంటి స్థితిలో ముందుగా ఇవ్వవలసినది ఎపినెఫ్రిన్ అనే మందు. అందుకే ఆ పిల్లల తల్లిదండ్రులు ఆ మందు సూదిని ఎక్కడికి వెళ్ళినా వెంట ఉంచుకొంటారు. కొంచెం తింటే ఏమీ కాదన్న మాట అక్కడ చెల్లదు.

అమెరికాలో సుమారు 13 మంది పిల్లలలో ఒకరికి ఏదో ఒక ఆహారపు ఎలర్జీ ఉన్నదని ఈ విషయమై పనిచేసే సంస్థలు చెబుతున్నవి. అనగా తరగతికి ఇద్దరన్నమాట. ప్రధానమైన ఎలర్జీ ఆహారాలను పొట్లాల మీద విధిగా పేర్కొనవలెనని 2004లో అక్కడ ఒక చట్టం చేశారు. పాలు, గ్రుడ్లు, చేపలు, రొయ్యలూ పీతలూ వంటివి, బాదం జీడిపప్పు వంటి గింజలు, వేరుశనగ, గోధుమ, సోయా అనే ఎనిమిది అందులో ఉన్నవి. 2021లో చేసిన మరొక చట్టం వలన 2023 జనవరి 1వ తేదీ నుంచి నువ్వులు తొమ్మిదవది అయినవి. ఈ పట్టిక చదివిన మన గృహిణులు ఒక్కసారి వంటింటి డబ్బాలను తలచుకొంటారు. నువ్వులుండలు, వేరుశనగుండలు, జీడిపప్పు పాకం, పాలకోవ, గోధుమపిండి హల్వా - మనం ఆప్యాయంగా చేసిపెట్టే వానిలో చాలాభాగం ఆ తొమ్మిదింటిలోనే ఉన్నవి.

కొన్న మిఠాయితో చిక్కు తీరిపోదు. హాలోవీన్ కోసం అమ్మే చిట్టి చాక్లెట్లలో వాడే పదార్థాలు పెద్ద చాక్లెట్లలో వాడే వానితో సమానంగా ఉండాలన్న నియమం లేదు. పెద్ద సంచిమీద ముద్రించిన పట్టిక ఒక్కొక్క చిట్టి పొట్లం మీద ఉండకపోవచ్చు. సంచి చించి బుట్టలో పోసిన తరువాత చదువుదామన్నా చదవడానికి ఏమీ మిగలదు. ఎలర్జీ మాట అటుంచినా, మధుమేహంతో ఇన్సులిన్ తీసికొనే పిల్లలు ఉన్నారు. గోధుమ సరిపడని సీలియాక్ వ్యాధి కలవారు ఉన్నారు. వీరందరూ వేషం వేసికొని సంచి పట్టుకొని వచ్చేవారే.

ఇక్కడ ఒక విచిత్రం ఉన్నది. తొలిరోజులలో ఆ పండుగనాడు పిల్లలకు మిఠాయియే ఇవ్వాలన్న నియమం లేదు. పండ్లు, గింజలు, చిల్లర నాణేలు, ఇంట కాల్చిన రొట్టెలు, చిన్న ఆటవస్తువులు ఇచ్చేవారు. రెండవ ప్రపంచయుద్ధకాలంలో పంచదార రేషను వలన పండుగ కొంత సన్నగిల్లినది. 1947లో ఆ రేషను తొలగిన తరువాత మిఠాయి వ్యాపారులు ప్రకటనలతో దానిని తమ పండుగగా చేసికొన్నారు. అపరిచితులు మిఠాయిలో విషం కలుపుతారన్న వదంతులు పుట్టి, 1970 తరువాత మరింత ప్రబలినవి. ఇంట చేసిన వస్తువు పోయి, కర్మాగారంలో పొట్లం కట్టిన మిఠాయి ఒక్కటే మిగిలినది. జోయెల్ బెస్ట్ అనే సామాజిక శాస్త్రవేత్త అటువంటి వార్తలను ఏళ్ళ తరబడి పరిశీలించారు. ఇంటింటికీ తిరిగి తెచ్చుకొన్న మిఠాయిలో అపరిచితుడెవరో విషం కలుపగా పిల్లవాడు మరణించినట్లు రుజువైన ఉదంతం ఆయనకు ఒక్కటీ దొరకలేదు. ప్రజలు భయపడినది శత్రువు కలిపే విషానికి. పొంచి ఉన్న ప్రమాదం మిత్రుడు చనువుగా పెట్టే వేరుశనగలో ఉన్నది.

దీనికి అక్కడివారు కనుగొన్న ఉపాయం మిక్కిలి సులభమైనది. టెన్నెసీ రాష్ట్రంలో ఎలర్జీ గల పిల్లల కుటుంబాలవారి సంఘం ఒకటి దానిని మొదలుపెట్టగా, 2014లో ఫేర్ అనే జాతీయసంస్థ దేశమంతటా ప్రచారంలోకి తెచ్చినది. మన చీరల అంగళ్ళలో నెమలికంఠం రంగు అంటామే, దాదాపు ఆ రంగు పూసిన గుమ్మడికాయను వాకిట పెడతారు. తినేవి కాక వేరే కానుకలు కూడా ఈ ఇంట ఉన్నవని దాని అర్థం. మిఠాయి మానివేయనక్కరలేదు. ఒక బుట్టలో మిఠాయి, వేరొక బుట్టలో వస్తువులు ఉంటే చాలు. రెండింటినీ కలుపరాదన్నదే ముఖ్యనియమం.

మిఠాయి ఇవ్వకపోతే పిల్లలు చిన్నబుచ్చుకోరా అన్న సందేహం సహజం. యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ సందేహాన్ని గుమ్మం వద్దనే పరీక్షించి, ఫలితాలను 2003లో ప్రకటించారు. కనెక్టికట్ రాష్ట్రంలో హాలోవీన్ నాటి సాయంకాలం 3 నుంచి 14 ఏండ్ల వయసు గల 284 మంది పిల్లల ముందు రెండు పళ్ళేలు ఉంచారు. ఒకదానిలో మిఠాయిలు, రెండవదానిలో చిన్న ఆటవస్తువులు, పెన్సిళ్ళు, అంటించుకొనే బొమ్మలు. ఒకటి తీసికొమ్మన్నారు. ఇంచుమించు సగం మంది ఆటవస్తువులనే తీసికొన్నారు. ఆడపిల్లలని, మగపిల్లలని భేదం కనిపించలేదు. పిల్లలకు కావలసినది పంచదార ఒక్కటే అనుకొనడం పెద్దల భ్రమ. తలుపు తట్టడం, అది తెరచుకొనడం, సంచిలో ఏదో పడిన చప్పుడు - వారి పండుగ అందులో ఉన్నది. మనం మాత్రం భోగినాడు పిల్లల తలమీద పోసేదేమిటి? రేగుపళ్ళు, చిల్లర డబ్బులు, పూలరేకులు, చెరకు ముక్కలు. అందులో లడ్డూ లేదని ఏ పిల్లవాడూ అలిగినట్లు మేము వినలేదు.

ఇక ఏమి ఇవ్వవచ్చునో చెబుతాము. పెన్సిళ్ళు, అంటించుకొనే బొమ్మలు, రంగు సుద్దముక్కలు, చిన్న నోటు పుస్తకాలు, పుస్తకాలలో పెట్టుకొనే అట్ట గుర్తులు, కాగితపు ముఖోటాలు, సబ్బునీటి బుడగల సీసాలు - ఇవి తేలికగా దొరుకుతవి. మిగిలిపోయినా చెడిపోవు, మరుసటి సంవత్సరానికి పనికివస్తవి. మనవారు కలిసి జరిపే ఉత్సవమైతే ఏటికొప్పాక లక్కబొంగరాలు కొన్ని సంచిలో వేసికొని పోవచ్చు. వరాహనది ఒడ్డున అంకుడు కర్రతో తరిణి పట్టి, లక్కరంగులు వేసి చేసిన ఆ చిన్న బొంగరం తిరగడం చూచిన పిల్లవాడు, ఏ దేశంవాడైనా, దానిని వదలడు. ఐతే ఎదిగిన పిల్లలకు మాత్రమే ఇవ్వాలి.

ఏలననగా, తినరానిదంతా క్షేమమని తలచరాదు. మూడేండ్ల లోపు పసివారు చేతికి వచ్చినదల్లా నోట పెట్టుకొంటారు. చుట్టకాగితం మధ్య ఉండే అట్టగొట్టంలో దూరే వస్తువు ఏదైనా వారి గొంతుకు అడ్డం పడవచ్చునని గుర్తు పెట్టుకొంటే చాలు. వారికి పెద్ద బొమ్మల కాగితమో, మందపాటి అట్టల బొమ్మల పుస్తకమో మేలు. ఊదని బుడగలు, పగిలిన బుడగల ముక్కలు ఎనిమిదేండ్ల లోపు పిల్లలకు ప్రమాదకరం. రబ్బరు పడని పిల్లలకు బుడగ తాకినా బాధయే. బొత్తాముల వంటి బ్యాటరీలు, చిన్న అయస్కాంతాలు ఉన్న చవుక బొమ్మలు అసలే వద్దు. అవి కడుపులోకి పోతే చేసే హాని ఘోరమైనది. చీకటిలో వెలిగే గొట్టాలను కొరికితే లోపలి ద్రవం నోటినీ కంటినీ మండిస్తుంది. పిల్లలు బొమ్మలు చేసికొనే మెత్తని రంగు పిండిముద్దలలో కొన్ని గోధుమపిండితో చేసినవి. గోధుమ పడని పిల్లవాని చేతికి అవి ఇవ్వరాదు.

పదిమందీ కలిసి చేసే ఉత్సవాలలో నిర్వాహకులు ముందుగా ఆలోచింపవలసినది మరొకటి ఉన్నది. ఎలర్జీ గల పిల్లలకని ఒక మూల ప్రత్యేకంగా బల్ల వేసి, అక్కడకు పొమ్మని పంపడం ఉచితం కాదు. మనం భోజనాల పంక్తిలో ఒకరిని లేపి వేరే కూర్చోబెట్టడం వంటిదే అది. ప్రతి బల్లమీదా రెండవ బుట్ట ఉండాలి; ఏది కావలెనో ఎవరినీ కారణం అడుగకుండా ఎన్నుకోనివ్వాలి. వస్తువుల బుట్టను మిఠాయి తాకిన చేతితో ముట్టరాదు. ఒకరు మిఠాయి పంచితే మరొకరు వస్తువులు పంచడం మంచిది. ఉత్సవం ప్రకటించే కాగితంలోనే ఈ ఏర్పాటును గూర్చి ఒక వాక్యం వ్రాస్తే, ఇంటి వద్దనే ఉండిపోదామనుకొన్న తల్లి కూడా పిల్లవానికి వేషం వేసి తీసికొని వస్తుంది.

ఆ పండుగ చరిత్రలోనే ఇంకొక చక్కని ఘట్టం ఉన్నది. 1950లో ఫిలడెల్ఫియాకు చెందిన ఒక మతాచార్య దంపతుల ప్రోత్సాహంతో కొందరు పిల్లలు హాలోవీన్ నాడు ఖాళీ పాలడబ్బాలు పట్టుకొని తలుపులు తట్టారు. తమకు మిఠాయి కోసం కాదు. యుద్ధం వలన నష్టపడిన పరదేశపు పిల్లల కోసం చిల్లర అడిగారు. ఆ సంవత్సరం వచ్చిన 17 డాలర్లను ఐక్యరాజ్యసమితి బాలలనిధికి పంపారు. చిన్నమొత్తమే, కాని ఆ పద్ధతి దేశమంతటా వ్యాపించినది. గుమ్మం వద్ద చాపిన చేయి తన కోసమే చాపనక్కరలేదని ఆ పిల్లలు పెద్దలకు నేర్పారు. లోపల నుంచి చాపే చేయి కూడా ఎదుటివాని అవసరం తెలిసికొని చాపితే సరిపోతుంది.

ఈ సంవత్సరం అక్టోబరులో అమెరికా ప్రయాణం పెట్టుకొన్న పెద్దలకు మా మనవి ఒక్కటే. ఆవకాయ జాడీ, అప్పడాల కట్టా సర్దుకొనేటప్పుడు పెట్టెలో ఒక మూల ఒక డజను పెన్సిళ్ళకు చోటు చేయండి. నువ్వులుండలు మన మనుమలకు, అదైనా వారి తల్లిని అడిగి. గుమ్మంలోకి వచ్చిన పిల్లవానికి రెండు బుట్టలూ చూపండి. అతడు రెండవ బుట్టలో చేయి పెడితే కారణం అడుగవద్దు. ఒకటి తిని చూడమని బలవంతం చేయవద్దు. మేము ఆనాడు ఆ పులికి ఇవ్వలేకపోయిన పెన్సిలును మీరు ఇవ్వండి.